చక్రం పట్టని సారథి
(స్టాక్ కారు పందేల్లో మేస్త్రి వృత్తి: ఒక పరిశీలన)

మన లారీ షెడ్లలో 'మేస్త్రి' అనే మాటకున్న బరువు ఏ నిఘంటువులోనూ కనబడదు. బానెట్ ఎత్తకుండానే, ఇంజను చప్పుడు విని, "రెండో సిలిండరు కొట్టడం లేదు" అని చెప్పగలవాడు మేస్త్రి. అమెరికాలో స్టాక్ కారు పందేలని ఉన్నాయి. వాటిలో 'క్రూ చీఫ్' అనే ఉద్యోగం ఒకటి ఉంది. దానికి తెలుగు మాట వెతుక్కుంటే నాకు మేస్త్రి కన్న దగ్గరి మాట తోచలేదు. అయితే ఒక తేడా ఉంది. మన మేస్త్రి బండి బాగుచేసి తాళంచెవి డ్రైవరు చేతిలో పెట్టేస్తే ఆయన పని అయిపోయినట్టే. అక్కడి మేస్త్రికి అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ప్రొడక్షన్ ఇంజనీరింగు క్లాసులో కాలాధ్యయనం, అంటే టైం స్టడీ, చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఈ మేస్త్రులనే ఉదాహరణగా తీసుకుంటాను. పందెం అనగానే అందరి కళ్ళూ డ్రైవరు మీదే ఉంటాయి. ఉండాలి కూడా, ప్రాణం ఆయనది కనుక. కాని ఎప్పుడు ఆగాలి, ఎన్ని టైర్లు మార్చాలి, ఎంత పెట్రోలు పొయ్యాలి అనే నిర్ణయం ఆయనది కాదు. నిర్ణయం ఒకరిది, ప్రాణం ఇంకొకరిది. ఈ వృత్తిలోని చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ముందుగా 'స్టాక్ కారు' అంటే ఏమిటో చెప్పుకుందాం. దుకాణంలో సరుకుగా దొరికే మామూలు కారు అని అర్థం. నాస్కార్ అనే సంస్థ 1948లో ఏర్పడింది. మరుసటి ఏడాది, 1949 జూన్ 19న నార్త్ కెరొలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో, అచ్చంగా బజారు కార్లతోనే మొదటి పందెం పెట్టారు. గ్లెన్ డనవే అనే ఆయన ముందుగా గీత దాటాడు. ఆ తర్వాత పరీక్షకులు కారు కిందికి దూరి చూస్తే, వెనక కమాన్లు గట్టిపరచి ఉన్నాయి! ఆ రోజుల్లో కొండ ఊళ్ళనుంచి దొంగసారా తోలేవాళ్ళు, డిక్కీ నిండా సరుకున్నా బండి కుంగకుండా, మలుపుల్లో ఊగకుండా చేసుకునే ఏర్పాటు అది. డనవే గెలుపు కొట్టేసి, జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. కారు యజమాని కోర్టుకెక్కి ఓడిపోయాడు. చూశారా, మొట్టమొదటి పందేన్నే తేల్చింది స్టీరింగు కాదు, స్ప్రింగు.

ఇప్పుడు ఆ కార్లకు పైనున్న బొమ్మ తప్ప బజారు కారుతో చుట్టరికం లేదు. అయినా పేరు అలాగే ఉండిపోయింది.

ఇక పని సంగతి. ఈ పందేల్లో ఎక్కువ భాగం గుడ్డు ఆకారపు బాటల మీద, ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ జరుగుతాయి. "ఎడమకు తిరగడంలో ఏముంది సార్?" అని ఏటా ఒక విద్యార్థయినా అడుగుతాడు. ఉంది. ఫ్లోరిడాలోని డేటోనా బాట చుట్టుకొలత రెండున్నర మైళ్ళు. మలుపుల్లో బాట 31 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. గంటకు 190 మైళ్ళ వేగమంటే సెకనుకు దాదాపు 279 అడుగులు. ఆ వేగంలో కారు మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందుగా పట్టు వదిలి జారితే దాన్ని 'లూజ్' అంటారు. ముందు చక్రాలు తిరగనని మొరాయించి, కారు గోడవైపు పోతూ ఉంటే 'టైట్' అంటారు. లూజ్ అయితే డ్రైవరు గోడకు వీపు ఆనిస్తాడు, టైట్ అయితే ముక్కు ఆనిస్తాడు అని క్లాసులో చెబుతాను. పిల్లలు నవ్వుతారు గాని ఇక మరచిపోరు.

డ్రైవరు చెప్పగలిగింది ఆ ఒక్క ముక్కే: "మలుపు మధ్యలో లూజ్‌గా ఉంది" అని. ఆ ముక్కను కొలతగా మార్చడం మేస్త్రి పని. డాక్టరు దగ్గరికి పోయి "ఇక్కడెక్కడో నొప్పిగా ఉందండీ" అంటే ఆయన మందు చీటీ రాసినట్టు. మందులు చాలా రకాలు. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, కుడి ముందు చక్రం మీద పడే బరువునూ ఎడమ వెనక చక్రం మీద పడే బరువునూ కలిపి, మొత్తం బరువులో అది నూటికి ఎంతో చూస్తారు. ఈ అడ్డబరువు పెరిగితే ఎడమ మలుపులో కారు టైట్ వైపుకు, తగ్గితే లూజ్ వైపుకు పోతుంది. పాత కార్లలో వెనక అద్దంలో ఒక రంధ్రం ఉండేది. పందెం మధ్యలో కారు ఆగినప్పుడు అందులోంచి పొడుగాటి స్పానరు దూర్చి, స్ప్రింగు మీది బోల్టును ఒక చుట్టు తిప్పేవారు. ఒక్కొక్కప్పుడు అర చుట్టే. టైరులో గాలి అర పౌండు అటూ ఇటూ చేసినా తేడా తెలుస్తుంది. కుడివైపు టైర్ల చుట్టుకొలత ఎడమవైపు వాటికన్న కాస్త ఎక్కువ ఉండేట్టు చూసి అమర్చుకోవడం ఇంకొక ఉపాయం. ఐస్‌క్రీం కోను బల్లమీద దొర్లిస్తే గుండ్రంగా తిరుగుతుంది చూడండి, అదే సూత్రం.

ఇంతా చేసి బండి కుదిరింది అనుకునేసరికి ఎండ వస్తుంది. ఎండకు బాట వేడెక్కి టైర్ల పట్టు తగ్గుతుంది. మబ్బు పడితే మళ్ళీ పట్టు దొరుకుతుంది. కనుక మేస్త్రి సర్దేది ఇప్పుడున్న బాటకు కాదు, ఇంకో గంటకు ఉండబోయే బాటకు.

పందెం మధ్యలో కారు ఆగే చోటును పిట్ అంటారు. 1950లలో కారు పిట్‌కి వస్తే నిమిషాలు గడిచేవి. డ్రైవరు దిగి ఒళ్ళు విరుచుకుని, సోడా తాగి ఎక్కేవాడట. దాన్ని సెకన్ల లెక్కలోకి తెచ్చిన ఘనత వర్జీనియాలోని స్టూవర్ట్ అనే చిన్న ఊరి ఉడ్ సోదరులకు దక్కాలి. వారిలో లెనర్డ్ ఉడ్ ముఖ్యుడు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటునుంచి పరుగెత్తాలి, జాకీని ఎన్ని పంపుల్లో లేపొచ్చు అని అడుగు అడుగూ లెక్క చూశాడాయన. టేలర్, గిల్‌బ్రెత్ దంపతుల పేర్లు మీరు పాఠాల్లో చదివి ఉంటారు. ఇటుకలు పేర్చే తాపీపనివాడి చేతి కదలికలను గిల్‌బ్రెత్ లెక్కపెట్టినట్టే, లెనర్డ్ టైరు మార్చేవాడి కదలికలను లెక్కపెట్టాడని చెప్పవచ్చు. 1965లో ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందేనికి ఫోర్డు కంపెనీవారు ఈ సోదరులను పిలిపించి జిమ్ క్లార్క్ నడిపే లోటస్ కారును అప్పగించారు. స్టాక్ కార్ల ప్రపంచానికి అది పూర్తిగా పరాయి పందెం. క్లార్క్ గెలిచాడు. ఆ గెలుపులో పిట్ పనివాళ్ళ వాటా ఎంతో అప్పటినుంచే లోకానికి తెలిసివచ్చింది.

ఇప్పుడు గోడ దాటి కారు దగ్గరికి వెళ్ళేది ఐదుగురే. 2018కి ముందు ఇంకా ఎక్కువమంది ఉండేవారు. 2021 వరకు ఒక్కో చక్రానికి ఐదేసి నట్లు. 2022లో వచ్చిన కొత్త కారుకు చక్రానికి ఒకటే నట్టు. మంచి బృందమైతే నాలుగు టైర్లూ మార్చి, పెట్రోలు నింపి సుమారు 10 సెకన్లలో కారును పంపేస్తుంది. మన పంక్చరు షాపువాడు స్టెప్నీ దించేలోగా అని వేరే చెప్పనక్కరలేదు.

ఈ వృత్తికి ఒక మనిషిని నమూనాగా చూపమంటే నేను డేల్ ఇన్మన్ పేరు చెబుతాను. 1936లో పుట్టాడు. ఊరు నార్త్ కెరొలినాలోని లెవెల్ క్రాస్. పందేల రాజుగా పేరుపొందిన రిచర్డ్ పెటీ ఆయనకు వరసకు తమ్ముడే. ఇద్దరూ కలిసి పెరిగారు. రిచర్డ్ తండ్రి లీ పెటీ మూడుసార్లు ఛాంపియన్. రిచర్డ్ తమ్ముడు మారిస్ ఇంజన్లు కట్టేవాడు, ఇన్మన్ మిగతా బండి చూసేవాడు, రిచర్డ్ నడిపేవాడు. ఒక రకంగా ఉమ్మడి కుటుంబపు వ్యవసాయం లాంటిది. 1964 నుంచి 1979 మధ్య రిచర్డ్ ఏడుసార్లు ఛాంపియన్ అయ్యాడు. ఏడుసార్లూ మేస్త్రి ఇన్మనే. 1967లో ఆ ఒక్క ఏడాదే 27 పందేలు గెలిచారు, అందులో పది వరసగా. ఆ రికార్డు ఇప్పటిదాకా ఎవరూ చెరపలేదు.

గెలుపుల జాబితా చదివి ఈ ఉద్యోగం మీద మోజు పడేవారు 1975 మే 4 గురించి కూడా తెలుసుకోవాలి. అలబామాలోని టాలడేగా బాట మీద పందెం. చక్రం బేరింగు దగ్గర మంటలతో రిచర్డ్ కారు పిట్‌కి వచ్చింది. మంట ఆర్పడానికి ఒత్తిడి మీద ఉంచిన నీళ్ళ ట్యాంకు దగ్గరికి ర్యాండీ ఓవెన్స్ అనే కుర్రవాడు వెళ్ళాడు. ట్యాంకు పేలింది. ఓవెన్స్ అక్కడికక్కడే పోయాడు. అతనికి 20 ఏళ్ళు. రిచర్డ్‌కు స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. ఆ పిట్‌కి పెద్ద ఇన్మన్. ఆ ఏడాది చివర వాళ్ళే ఛాంపియన్లయ్యారు. ఆ కప్పు ఇంట్లో ఏ మూల పెట్టుకున్నారో మనం ఊహించుకోవలసిందే.

పిట్‌లో పనిచేసేవాళ్ళ ప్రాణాలు చాలాకాలం అలా గాలిలో దీపాల్లాగే ఉండేవి. కార్లు పిట్ దారిలోకి పందెం వేగంతోనే దూసుకువచ్చేవి. 1990 నవంబరులో అట్లాంటాలో ఒక కారు అదుపుతప్పి తిరిగి వచ్చి, బిల్ ఎలియట్ కారు వెనక టైరు మారుస్తున్న మైక్ రిచ్‌ను గుద్దింది. ఆయన బతకలేదు. 1991లో గాని పిట్ దారిలో వేగానికి హద్దు పెట్టలేదు. ఫ్యాక్టరీ చట్టాల చరిత్ర చదివినవారికి ఈ వరస కొత్తేమీ కాదు: ముందు శవం, తర్వాత నిబంధన.

ఇన్మన్ నేర్పు చూడాలంటే 1981 ఫిబ్రవరి 15 నాటి డేటోనా పందెం చూడాలి. మొత్తం 200 చుట్లు. ఆ రోజు చాలాసేపు వేగమైన కారు బాబీ ఆలిసన్‌ది. రిచర్డ్ కారు బాగానే ఉంది గాని ఆలిసన్‌ను దాటేటంత లేదు. ఇంక పాతిక చుట్ల దరిదాపుల్లో ఉండగా అందరూ చివరిసారి పెట్రోలుకు ఆగక తప్పలేదు. మిగిలినవాళ్ళు టైర్లు కూడా మార్చుకున్నారు, అది లోకరీతి. రిచర్డ్ వచ్చి ఆగగానే ఇన్మన్ టైర్లు ముట్టనివ్వలేదు. పెట్రోలు మాత్రమే పోయించి, 7 సెకన్లయినా నిండకముందే పొమ్మన్నాడు. అరిగిన టైర్లతో 190 మైళ్ళ వేగంలో అరవై మైళ్ళు పరుగు! టైరు నిలుస్తుందా అన్న ప్రశ్న డ్రైవరు వేయలేదు; వేసినా జవాబు చెప్పే వ్యవధి లేదు. రిచర్డ్ ముందుకు వెళ్ళిపోయాడు, ఆలిసన్ వెనక నుంచి తరుముకు వచ్చినా అందుకోలేకపోయాడు. రిచర్డ్‌కు అది ఏడో డేటోనా విజయం, చివరిది కూడా.

కొందరు దీన్ని జూదమంటారు. నేను ఒప్పుకోను. ఆ వారమంతా విప్పిన ప్రతి టైరునూ చేత్తో తడిమి, అరుగుదల చూసి, రాసి పెట్టుకున్నవాడు చేసే పని జూదం ఎలా అవుతుంది? చూడని వాళ్ళకు అది జూదంలా కనబడవచ్చు, అంతే.

చిత్రమేమంటే, ఆ గెలుపు వేడి చల్లారకముందే ఇన్మన్ పెటీల దగ్గర ఉద్యోగం వదిలేశాడు. వేరే యజమాని దగ్గరికి, డేల్ ఎర్న్‌హార్ట్ జట్టుకు వెళ్ళాడు. ఆ యజమాని ఆ ఏడాది మధ్యలోనే జట్టును అమ్మేశాడు. ఆ తర్వాత ఇంకొక జట్టులో, 1984లో టెరీ లబాంటీని ఛాంపియన్‌గా నిలిపాడు. అది ఆయనకు ఎనిమిదోది. అంతవరకు "రిచర్డ్ లాంటి డ్రైవరుంటే ఎవడైనా గెలిపిస్తాడు" అన్న నోళ్ళు అప్పుడు మూతపడ్డాయి. 1986లో సొంతగూటికి తిరిగి వచ్చాడు. 1998లో విరమించాడు. 2012లో నాస్కార్ ప్రముఖుల మందిరంలో స్థానం పొందాడు. మేస్త్రి పనికిగాను ఆ గౌరవం దక్కిన మొదటివాడు ఆయనే.

మేస్త్రికీ డ్రైవరుకూ మధ్య రేడియో ఉంటుంది. రేడియోలు లేని రోజుల్లో పలకల మీద సుద్దతో రాసి చూపించేవారు. ఈ రేడియో మాటలు ఎవరైనా వినవచ్చు. ప్రేక్షకులు కూడా చెవులకు తగిలించుకుని వింటారు. మూడు నాలుగు గంటలపాటు వేడిలో ఉడికిపోతున్న డ్రైవరుకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఏది దాచాలి అన్నది పుస్తకాల్లో లేని విద్య. మనకు శల్య సారథ్యం కథ తెలుసు. రథం నడిపేవాడే యోధుడి గుండె జావగారిస్తే ఏమవుతుందో కర్ణుణ్ణి అడగాలి. ఇక్కడ స్థానాలు తారుమారు, నడిపేవాడు వేరు, మాట చెప్పేవాడు వేరు. అయినా ఆ మాట శల్యుడి మాటయితే ఫలితం అదే.

ఈ విద్యలో దిట్ట రే ఎవర్న్‌హామ్. న్యూజెర్సీవాడు, తానే పందెగాడు. 1991లో ఒక ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, డ్రైవరు జీవితానికి తెరపడింది. ఆయనకు జెఫ్ గార్డన్ అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు తోడయ్యాడు. ఎవర్న్‌హామ్ చేసిన పెద్ద మార్పు, పిట్ పనివాళ్ళను మెకానిక్కులుగా కాక ఆటగాళ్ళుగా చూడడం. వారమంతా రెంచి పట్టినవాడే ఆదివారం టైరు మార్చాలన్న నియమమేమిటి? స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడిన ఆండీ పాపథనాసియు శిక్షకుడిగా వచ్చాడు. కసరత్తులు, రిహార్సళ్ళు, వీడియో తీసి తప్పులు చూపించడం మొదలయ్యాయి. 1994 మేలో షార్లెట్ 600 మైళ్ళ పందెంలో చివరి ఆగుడులో ముందున్నవాడు నాలుగు టైర్లు మార్చుకుంటే ఎవర్న్‌హామ్ రెండే మార్పించాడు. గార్డన్‌కు అది మొదటి గెలుపు, కళ్ళవెంట నీళ్ళు కారాయి. 1995, 1997, 1998లలో ఛాంపియన్లు. ఇద్దరూ కలిసి 47 పందేలు గెలిచాక, 1999లో ఎవర్న్‌హామ్ సొంత జట్టు పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

నిబంధనల పుస్తకం ఈ వృత్తిలో పెద్దబాలశిక్ష లాంటిది. మంచి మేస్త్రి అందులో రాసినదాన్ని ఒకసారి చదివితే, రాయనిదాన్ని పదిసార్లు చదువుతాడు. 1997లో ఎవర్న్‌హామ్ ఒక కొత్త కారు తెచ్చి షార్లెట్‌లో అందరినీ చిత్తు చేశాడు. పరీక్షకులు వెతికితే ఒక్క నిబంధనా తప్పలేదు. "బాగుంది, మళ్ళీ మాత్రం తేవద్దు" అన్నారు! అప్పట్లో ఆ పరీక్షకుల పెద్ద గ్యారీ నెల్సన్. ఆయన 1983లో ఛాంపియన్ జట్టుకు మేస్త్రి, నిబంధనల సందులు ఎరిగినవాడని పేరు. సందులు తెలిసినవాడికే కాపలా అప్పగించడం తెలివైన పని అనిపిస్తుంది.

ఎవర్న్‌హామ్ కింద 1993లో రేకుపని చేయడానికి చేరినవాడు చాడ్ నాస్. తర్వాత జిమీ జాన్సన్‌కు మేస్త్రియై ఏడుసార్లు ఛాంపియన్‌గా నిలిపాడు. 2006 నుంచి 2010 దాకా వరసగా ఐదు. అదే 2006 మొదట్లో డేటోనాలో వెనక అద్దాన్ని కదిలించే ఏర్పాటు ఒకటి బయటపడి ఆయన్ను ఇంటికి పంపేశారు. సహాయకుడు డేరియన్ గ్రబ్ ఆ రోజు పిట్‌లో కూర్చుని జాన్సన్‌ను గెలిపించాడు. గురువు లేకపోయినా గెలిచిందంటే ఆ జట్టును గురువు ఎలా కట్టాడో ఊహించుకోండి. తప్పు తప్పే, పనితనం పనితనమే. నాకు రెండూ కనబడతాయి.

ఈనాడు ఈ పనిలోకి వచ్చేవారిలో ఇంజనీరింగు డిగ్రీలున్నవారు చాలామంది. షార్లెట్‌లోని నార్త్ కెరొలినా యూనివర్సిటీలో మోటారు పందేల ఇంజనీరింగు ఒక చదువుగానే చెబుతున్నారు. పాయింట్ల పందేలు ఏడాదికి 36. భార్యాపిల్లల ముఖం చూసేది తక్కువ. వరసగా ఓడితే డ్రైవరు కన్న ముందు మేస్త్రి కుర్చీ మారుతుంది. మా విద్యార్థులు పరీక్షలో కాలిక్యులేటరు ముందు అరగంట కూర్చుని చేసే లెక్కలను అక్కడ ఇంజన్ల హోరులో చేయాలి.

మచ్చుకి ఒక లెక్క. అంకెలు నేను కల్పించినవి. బాట రెండున్నర మైళ్ళు, ఇంకా 25 చుట్లు, అంటే 62.5 మైళ్ళు. గాలనుకు 5 మైళ్ళు వస్తుందనుకుంటే పన్నెండున్నర గాలన్లు కావాలి. పెట్రోలు ఒక్కటే పోస్తే 7 సెకన్లు. రెండు టైర్లు కూడా మారిస్తే 11. కొత్త టైర్ల వల్ల చుట్టుకు 0.15 సెకను కలిసివస్తుంది. 25 చుట్లకు 3.75 సెకన్లు, పోగొట్టుకున్నది 4. కాగితం మీద టైర్లు మార్చకపోవడమే పావు సెకను మేలు. కాని రెండు చుట్ల కిందటే డ్రైవరు "వెనక కొంచెం జారుతోంది" అన్నాడు. పడమట మబ్బు పడుతోంది. ముందున్నవాడు ఏంచేస్తాడో తెలియదు. కారు మళ్ళీ పిట్ దారి మొదటికి రావడానికి ఇంకా 47 సెకన్లుంది. ఏం చెబుతారు?